పరిశుద్ధ సమాధి తలుపు ముందు
(శతాబ్ది మహాసభలో ఒక సంఘ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము "పరిశుద్ధ స్థలముల సందర్శనము". 2018వ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి నెలలలో నేనును నా భార్యయు 38 మంది బృందముతో కలిసి యొర్దాను, ఇశ్రాయేలు, ఐగుప్తు దేశములు చూచి వచ్చాము. వచ్చిన తరువాత రెండు మూడు చోట్ల తెరమీద ఫోటోలు చూపించి మాట్లాడాను. అవి చూచినవారు ఇక్కడ కొందరున్నారు. మళ్ళీ అవే ఒంటెల బొమ్మలు చూడవలసివచ్చునేమోనని వారు భయపడనక్కరలేదు. ఆ రోజులలో చెప్పకుండ దాటవేసిన సంగతి ఒకటున్నది. ఈ శతాబ్ది సభలోనైనా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తోచి, దానిని చెప్పుటకే ఈ రోజు నిలుచున్నాను.

ముందుగా ఒక మాట. మనలో పెద్దలు "తీర్థయాత్ర" అనే మాటను ఇష్టపడేవారు కారు. మా తండ్రిగారు ఉపదేశకులు. ఎవరైన ఆ మాట అంటే, ప్రభువు సమరయ స్త్రీతో మాట్లాడిన సందర్భము తీసి, ఆరాధనకు ఈ కొండయు అక్కరలేదు, యెరూషలేమును అక్కరలేదని విప్పి చెప్పేవారు. ఆయన చెప్పినది నిజమే. అయినను క్రీస్తు శకము 333లోనే బొర్డో పట్టణమునుండి ఒక యాత్రికుడు యెరూషలేము వెళ్ళి తన ప్రయాణము వ్రాసిపెట్టాడు. ఆ శతాబ్దము చివర ఎగేరియా అనే స్త్రీ, పడమటి దేశమునుండి అంత దూరము వచ్చి, అక్కడి సంఘము మట్టలాదివారము మొదలుకొని ఈస్టరు వరకు ఏ గంటకు ఎక్కడ ఆరాధించేదో తన సహోదరీలకు వివరముగా వ్రాసింది. గ్రీకు, బల్గేరియా క్రైస్తవులలో యెరూషలేము వెళ్ళి వచ్చినవారి పేరుకు ముందు "హాజీ" అని చేర్చే అలవాటుండేది. ఈనాటికీ వారి ఇంటిపేర్లలో అది నిలిచియున్నది. కాబట్టి వెళ్ళాలనే కోరిక మన కాలపు టూరు ఏజెంట్లు పుట్టించినది కాదు. నేను మాత్రము నా భార్య కోరిక మీద వెళ్ళాను. పదవీ విరమణ సొమ్ములో కొంత తీసి కట్టాను. ప్రభువు సమాధి దగ్గర మోకరించి, ఉన్న భారమంతా దించుకొని వస్తానని మాత్రము లోపల ఒక ఆశ ఉండేది. ఆ భారము ఏమిటో తరువాత చెబుతాను.

ఫిబ్రవరి 25, ఆదివారము సాయంకాలము యొర్దాను దాటి బేత్లెహేము చేరాము. మాకు భోజనము వడ్డించిన హోటలు కుర్రవాడు అరబ్బు క్రైస్తవుడు. మెడలో సిలువ చూచి మా ఆడవారు ముచ్చటపడి, యెరూషలేములో ఏ గుడికి వెళతావని అడిగారు. యెరూషలేము అక్కడికి 10 కిలోమీటర్ల లోపే. మధ్యలో గోడ, సైనికుల తనిఖీ ద్వారము ఉన్నవి. అనుమతి పత్రము వస్తేనే వెళ్ళాలి. తాను వెళ్ళి రెండేండ్లయినదని చెప్పాడు. నాలుగు వేల కిలోమీటర్ల అవతలినుండి వచ్చిన మేము తెల్లవారి వెళ్ళబోతున్నాము. ఆ రాత్రి మా బృందములో ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు.

మరునాడు పాత పట్టణములో రాతి మెట్ల సందుల గుండ, దుకాణముల మధ్యనుండి నడిచి పరిశుద్ధ సమాధి దేవాలయము ముంగిట చేరాము. తలుపులు మూసియున్నవి. మా గైడుకు ముందే తెలుసునట. చూపించి చెప్పాలని తీసుకొనివచ్చాడు. సంఘముల వాణిజ్య ఆస్తులమీద నగరపాలక సంస్థ పన్నులు వేయబోయినదని, సంఘ భూములను గురించి ఒక చట్టము తేబోతున్నారని, గ్రీకు ఆర్థడాక్స్, ఆర్మేనియా, కతోలిక సంఘముల పెద్దలు ముగ్గురూ కలిసి ముందు రోజు దేవాలయము మూసివేశారు. మూడు దినములు మూసియుండి 28వ తేదీ తెల్లవారుజామున మళ్ళీ తెరిచారు గాని, 26న ఆ ముంగిట నిలిచిన మాకు అది ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మా బృందములో ఒకాయన, "ఇంత సొమ్ము పోసి వచ్చినది మూసిన తలుపు చూచుటకా?" అని గైడు మీద కేకలు వేశాడు. ఆఫ్రికా దేశపు స్త్రీలు కొందరు రాతి నేలమీద మోకరించి పాడుచున్నారు.

మాతో వచ్చినవారిలో ఒక వృద్ధురాలున్నది. పల్లెటూరి మనిషి, కుమారులు చందా వేసుకొని పంపించారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. నెమ్మదిగా వెళ్ళి తలుపుమీద అరచేయి ఆనించి, నుదురు ఆనించి, చాలసేపు నిలుచున్నది. నేను ఆమె వీపు చూచాను. అంతే, నా కాళ్ళు వణికాయి. ఒక ప్రక్కకు వెళ్ళి మెట్టుమీద కూర్చున్నాను. ఎండ దెబ్బ అనుకొని నా భార్య నీళ్ళ సీసా ఇచ్చింది. ఫిబ్రవరిలో అక్కడ ఎండ ఎక్కడిది?

ఇప్పుడు ఆ సంగతి. దాదాపు ఇరవై సంవత్సరముల ముందు మా పాస్టరేటులో కమిటీ ఎన్నిక విషయమై రెండు వర్గములైనవి. ఏ వర్గము ఏమన్నదో ఇప్పుడు తలచుకుంటే చెప్పుటకు సిగ్గుగా ఉన్నది. దుకాణముల అద్దె లెక్క దగ్గర మొదలై కోర్టు వరకు వెళ్ళింది. ఎదుటి వర్గమువారు గుడికి తాళము వేశారు. ఆ తాళము ప్రక్కనే మా వర్గము తరఫున రెండవ తాళము వేసినది నేను. బజారుకు వెళ్ళి, బేరమాడి, మంచి అలీగఢ్ ఇత్తడి తాళము కొని తెచ్చాను. రెండు చెవులూ ఒకచోటికి వస్తేగాని తలుపు తీయుటకు వీలులేదు. మూడు ఆదివారములు గురువుగారు బడి వరండాలో ఆరాధన నడిపించారు.

ఆ మూడవ వారములో మా మేనత్త కన్నుమూసింది. ఎదుటి వర్గపు పెద్ద ఆమె కుమారుడే; నాకు బావ. మా అత్త నాకు సండే స్కూలులో అక్షరములతో పాటు ప్రార్థన నేర్పిన మనిషి. ఆ గుడిలో ఊడ్వని ఆదివారము ఆమెకు లేదు. పెట్టె తెచ్చి గుడి మెట్లమీద దించారు. బావ తన తాళము తీశాడు. నాది తీయవలెను. మా వర్గమువారు, ఈ రోజు తీస్తే రేపు గుడి వారిదైపోవునని నన్ను పట్టుకున్నారు. పట్టుకున్నారని చెప్పుట తేలిక గాని, నా చెయ్యి నా చేతిలోనే ఉన్నది. చెవి నా చొక్కా జేబులో ఉన్నది. గంటన్నర గడిచింది. చివరకు గురువుగారు పెట్టె దగ్గర మెట్లమీదనే వాక్యము చదివి ప్రార్థించి, అక్కడనుండి అక్కడే సమాధుల దొడ్డికి తీసుకొనిపోయారు. నేను వెనుక నడిచాను. తరువాత బిషప్పుగారి కార్యాలయమువారు రాజీ చేశారు, తాళములు పోయినవి, అందరమూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాము. బావయు నేనును మాత్రము ఎదురుపడితే తలలు త్రిప్పుకొనేవారము. ఆ వృద్ధురాలి అరచేయి తలుపుమీద చూచినప్పుడు నాకు కనబడినది మా అత్త పెట్టె.

ఆ రోజు మిగిలిన కార్యక్రమము ఒలీవల కొండ, గెత్సెమనే. అక్కడ ఎనిమిది పాత ఒలీవ చెట్లున్నవి. ప్రభువు ప్రార్థించినది ఈ చెట్ల క్రిందనే అని చాలమంది చెబుతారు. 2012లో వెలువడిన పరిశోధనలో, పరీక్షకు వీలైన మూడు చెట్ల కాండములు 12వ శతాబ్దమునకు చెందినవని తేలింది. తక్కినవాటి లోపల డొల్ల గనుక వాటి వయస్సు లెక్కకట్టలేకపోయారు. ఈ మాట చెప్పినందుకు బస్సులో ఒకామె నాతో అలిగింది. తొమ్మిది వందల ఏండ్ల చెట్టు తక్కువదా?

27న యెరికో దారిని గలిలయకు దిగాము. "దిగాము" అనే మాటకు అర్థము అక్కడ తెలిసింది. యెరూషలేము సముద్ర మట్టమునకు 750 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. యెరికో సముద్ర మట్టమునకు సుమారు 250 మీటర్లు దిగువ. ముప్పది కిలోమీటర్లు నిండని దారిలో వెయ్యి మీటర్లు దిగాలి. ఇరుప్రక్కల చెట్టు చేమ లేని గుట్టలు, లోయలు. మంచి సమరయుని ఉపమానములో ఆ మనిషి అటువంటి చోట పడియుంటే, దొంగలు ఇంకా ఆ గుట్ట చాటుననే ఉండియుందురు. ప్రక్కగా పోయిన యాజకుని ఇన్నాళ్ళు తేలికగా తప్పుపట్టాను గాని, ఆ దారి చూచిన తరువాత అతని భయము నాకు అర్థమైనది. ఆగిన సమరయుని ధైర్యము కూడ అప్పుడే అర్థమైనది.

గలిలయ సముద్రము సముద్రము కాదని మనకు తెలిసినదే; మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, మిక్కిలి వెడల్పు 13. మన కొల్లేరు వానకాలములో నిండితే దీనికన్న పెద్దదే. నీటి మట్టము సముద్ర మట్టమునకు రెండు వందల మీటర్లకు పైగా దిగువ. చుట్టూ కొండలు గనుక గాలి ఒక్కసారిగా దిగి నీటిని రేపుతుంది. గిన్నోసరు ఒడ్డున ఒక పాత పడవ ఉంచారు. 1986లో వానలు లేక నీరు తగ్గినప్పుడు బురదలో బయటపడినది. ఇంచుమించు ప్రభువు కాలపు పడవ. 27 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. ఎవరో బీదవాడు దొరికిన చెక్కలన్నిటితో అతుకులు వేసుకున్నాడు. పది పన్నెండు రకముల కలప ఉన్నదట. పేతురుగారి పడవ అని ఎవరూ చెప్పలేదు, చెప్పనందుకే నాకు అది నచ్చింది. మా బృందములో గోదావరి ఒడ్డువారు ఒకరు దానిని చూచి, "మా నాటుపడవకన్న పెద్ద తేడా ఏమీ లేదండి" అన్నారు. ఆ అతుకులు నేను పోయిన చోటల్లా గుర్తుకు వస్తాయి.

నజరేతు, కానా, యొర్దానులో దిగి సీసాలలో నీళ్ళు పట్టుకొనుట, ఇవన్నీ అందరూ చెప్పేవే. వదలిపెడతాను.

దేవాలయము తెరిచారని గలిలయలో ఉండగానే తెలిసింది. తిరిగి యెరూషలేము వచ్చి, మార్చి 1వ తేదీ వేకువ మూడున్నరకే నేనును, ఆ వృద్ధురాలును, మరి నలుగురమును ముంగిట నిలుచున్నాము. నా భార్య మోకాళ్ళ నొప్పితో హోటలులో ఉన్నది. నాలుగు గంటలకు ఒక మనిషి వచ్చాడు. తలుపులో ఒక చిన్న కిటికీ ఉన్నది. దానిగుండ లోపలి సన్యాసి ఒక చిన్న నిచ్చెన బయటికి అందించాడు. బయటి మనిషి ఆ నిచ్చెన ఎక్కి పై తాళము, దిగి క్రింది తాళము తీశాడు. చెవి ఇనుముది, అడుగు పొడవుంటుంది. తీసిన మనిషి ముస్లిము. జూదే అనే ముస్లిము కుటుంబమువారు చెవి దాచుదురు, నుసైబే అనే మరొక ముస్లిము కుటుంబమువారు తలుపు తీయుదురు. 1187లో సలాదిను యెరూషలేమును పట్టుకున్ననాటినుండి ఈ ఏర్పాటు ఉన్నదని ఆ కుటుంబములవారు చెబుతారు. ఎందుకు? చెవి ఏ ఒక్క సంఘము చేతిలో పెట్టినా తక్కినవారు ఒప్పుకొనరు గనుక.

ఆ దేవాలయములో ఆరు సంఘములకు హక్కులున్నవి: గ్రీకు ఆర్థడాక్స్, ఫ్రాన్సిస్కను సన్యాసుల ద్వారా కతోలికులు, ఆర్మేనియావారు, కోప్తులు, సిరియావారు, ఇథియోపియావారు. మన ప్రొటెస్టెంట్లకు అందులో ఒక్క రాయి కూడ లేదు. ఏ మెట్టు ఎవరు ఊడ్వవలెను, ఏ దీపము ఎవరిది, ఏ గంటకు ఎవరి ఆరాధన, అంతా టర్కీ సుల్తాను 1852లో స్థిరపరచిన యథాతథ స్థితి ప్రకారమే. ముఖద్వారము పైన కిటికీ క్రింద ఒక చెక్క నిచ్చెన ఆనించి ఉన్నది. 1728 నాటి చిత్రములో కూడ అది అక్కడే ఉన్నది. తీస్తే ఎవరి హక్కు పోవునోనని ఎవరూ తీయరు. 2002లో పైకప్పు మీద ఒక కోప్తు సన్యాసి ఎండకు తాళలేక కుర్చీ నీడలోనికి జరుపుకున్నాడు. అది తమ స్థలమని ఇథియోపియావారు గొడవకు దిగగా, పదకొండుగురు ఆసుపత్రి పాలైనారు. 2008 నవంబరులో గ్రీకు, ఆర్మేనియా సన్యాసులు కొట్టుకొనుట టెలివిజనులో లోకమంతా చూచింది. గైడు ఇవి చెబుతుంటే మావారు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఇక లోపల. కాన్‌స్టాంటీను చక్రవర్తి కట్టించిన దేవాలయము 335లో ప్రతిష్ఠ జరిగింది. 1009లో ఖలీఫా అల్ హాకిం పడగొట్టించాడు. మళ్ళీ కట్టారు, క్రూసేడు యోధులు పెంచి 1149లో ప్రతిష్ఠించారు. 1808లో తగలబడింది. సమాధి మీది చిన్న మందిరము 1927 భూకంపములో కదలిపోగా, 1947లో బ్రిటిషువారు ఇనుప దూలములు బిగించి నిలబెట్టారు. తరువాత దాదాపు డెబ్బది ఏండ్లు అది ఆ కట్లతోనే ఉన్నది. ఎవరు బాగుచేయవలెనన్నదే తగవు. కడకు 2016లో మూడు ప్రధాన సంఘములు ఏకమై ఏథెన్సు సాంకేతిక విశ్వవిద్యాలయమువారికి పని అప్పగించాయి. ఆ అక్టోబరులో సమాధిపైని చలువరాతి పలక జరిపి చూడగా, క్రింది సున్నము నాలుగవ శతాబ్దమునాటిదని పరీక్షలో తేలింది. 2017 మార్చి 22న మళ్ళీ తెరిచారు. కాబట్టి ఆ చోటు కాన్‌స్టాంటీను కాలమునుండి మారలేదన్న మాట నమ్మదగినదే.

నేను వంగి లోపలికి వెళ్ళాను. ముగ్గురు నలుగురు పట్టే గది. పలకమీద చేయి పెట్టాను. చల్లగా ఉన్నది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ప్రార్థన కూడ రాలేదు. అత్త పేరు ఒక్కటి నోట వచ్చింది. ఇంతలో కాపలా సన్యాసి త్వరపడమని తట్టాడు, బయటికి వచ్చాను. ఇంత దూరము వచ్చి ఏమీ జరగలేదని నాకు దిగులు వేసింది. ఆ వృద్ధురాలిని, "అమ్మా, ఎట్లా ఉన్నదమ్మా?" అని అడిగాను. "తలుపు తీశారు గదయ్యా" అన్నది.

ఆ ఉదయమే ఉద్యాన సమాధికి వెళ్ళి ప్రభురాత్రి భోజనము తీసుకున్నాము. అది 1894నుండి బ్రిటిషు ప్రొటెస్టెంట్ల సంఘము ఒకటి కాపాడుతున్న తోట. పువ్వులు, నిశ్శబ్దము, రాతిలో తొలిచిన సమాధి. మన సండే స్కూలు బొమ్మలో ఉన్నట్లే ఉంటుంది. మన తెలుగు కీర్తనలు గొంతెత్తి పాడుకొన్నాము. అక్కడ ఏడుపు వచ్చింది. కాని శాస్త్రజ్ఞులు ఆ సమాధి ప్రభువు కాలమునకు ఏడెనిమిది వందల ఏండ్ల ముందు తొలిచినదని చెబుతున్నారు. అక్కడివారు కూడ ఇదే నిజమైన చోటని పట్టుపట్టరు. నేను ఊహించుకున్న బొమ్మను చూచి నేను ఏడ్చాను. అసలైన చోట, పొగచూరిన గోడల మధ్య, తగవులాడుకొనే మనుష్యుల మధ్య, నాకు నా జేబులోని చెవి గుర్తుకు వచ్చింది. ఏది దర్శనమో మీరే చెప్పండి.

యాత్రకు పోవద్దని నేను చెప్పను. 2023 అక్టోబరులో యుద్ధము మొదలైనప్పుడు చాల బృందములు ఆగిపోయినవి. వెళ్ళగలిగిన రోజులలో వెళ్ళగలిగినవారు వెళ్ళండి. అప్పు చేసి మాత్రము వెళ్ళవద్దు. బేత్లెహేములో ఒలీవ చెక్క సిలువలు కొంటే అక్కడి క్రైస్తవుల దుకాణములో కొనండి. యాత్రికులు రాకపోతే వారి పొయ్యి వెలగదు.

నేను కూడ ఒక సిలువ కొన్నాను. ఇల్లు చేరిన నాలుగవ రోజు దానిని పట్టుకొని బావ ఇంటికి వెళ్ళాను. ఇరవై ఏండ్లలో ఆ గడప ఎక్కుట అదే. బావ అరుగుమీద పేపరు చదువుచున్నాడు. తల ఎత్తి, "యెరూషలేము వెళ్ళావటగా?" అన్నాడు. సిలువ ఇచ్చాను. త్రిప్పి చూచి ప్రక్కన పెట్టాడు. తలుపు సంగతి, చెవి సంగతి, ముస్లిము మనిషి సంగతి చెప్పాను. అంతా విని, "అయితే అక్కడ కూడ మనవాళ్ళే ఉన్నారన్నమాట" అన్నాడు. అప్పుడు నేను అత్త పేరు ఎత్తి, చెప్పవలసినది చెప్పాను. ఆయన చాలసేపు మాట్లాడలేదు. అక్కయ్యను పిలిచి రెండు కాఫీలు పెట్టమన్నాడు. క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. నాటినుండి శనివారము సాయంకాలములు ఆ అరుగుమీద కూర్చుంటున్నాము.

ఈ సంగతి ఇంత పెద్ద సభలో చెప్పుటకు ముందు ఆయన అనుమతి తీసుకున్నాను. మోకాళ్ళ నొప్పుల వలన ఆయన రాలేకపోయారు. నేను వ్రాసుకున్నది చదివి వినిపిస్తే, ఒక్కచోట ఆపి సరిదిద్దారు. పెట్టె మెట్లమీద ఉన్నది గంటన్నర కాదు, రెండు గంటల పైనేనట. ఆ సంగతి మీకు తప్పక చెప్పమన్నారు.